రాయి కింద ఏముంది

అనగా అనగా, రాజులకు కోటలూ కప్పలకు మాటలూ ఉన్న రోజుల్లో, ఎర్రమట్ల అనే ఊళ్ళో పోలయ్య అనే కుమ్మరి ఉండేవాడు. ఆయన కుండ మోగితే నాలుగు వీధులకు వినబడేది. ఆయన గొప్పలు నాలుగూళ్ళకు వినబడేవి.

పెరట్లో ఆ చివర కుండలు కాల్చే ఆవం, ఈ చివర ఇల్లు. మధ్యన బురద తొక్కకుండా నడవడానికి ఏడు పలకరాళ్ళు. వానాకాలం వస్తే చాలు, ఒక రాయి ఇటు ఒరిగేది, ఒక రాయి అటు కుంగేది.

ఆ ఏడు శ్రావణంలో రాజుగారి కూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళిపందిట్లో పెట్టే అరివేణి కుండలు కుమ్మరింటి నుంచే వెళ్ళాలి. పెళ్ళివారే మేళతాళాలతో వచ్చి, ఆవం దగ్గరే నెత్తికెత్తుకుని తీసుకుపోవడం ఆనవాయితీ. దారిలో ఒక్కటి పగిలినా అపశకునం.

"పగిలిందా, ఇక మీ ఇంటి కుండ కోట గడప తొక్కదు" అని భటుడు చెప్పి మరీ వెళ్ళాడు.

పోలయ్య రాళ్ళ పని పట్టాడు. కుండల కోసం జల్లించి, తొక్కి, వెన్నలా చేసిన మట్టిని రాళ్ళ కింద మెత్తాడు. "దీన్ని మించిన మట్టి ఉందా?" అన్నాడు. వాన పడింది. రాళ్ళు కుంగాయి.

రెండోసారి అదే మట్టి రెండింతలు పెట్టాడు. రాళ్ళు మరింత కులాసాగా కుంగాయి.

కోడలు గవరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమెకొక జబ్బు, ఎందుకని అడగడం.

"మావయ్యా, పెట్టిన మట్టంతా ఎటు పోతోంది?"

"మీ పుట్టింటికి పోతోంది. వెళ్ళి అన్నం వండు."

వండింది. వడ్డించింది. ఆయన కునుకు తీయగానే గునపం పట్టుకుని నాలుగో రాయి ఎత్తింది.

కింద ఒక కప్ప, అత్తగారిలా కూర్చుని ఉంది.

"తలుపు కొట్టి రావాలని తెలియదూ?" అంది కప్ప.

"నా పెరట్లో నేనెవరి తలుపు కొట్టాలి? బోలెడు చోటుండగా ఇక్కడెందుకున్నావో చెప్పు."

"పక్కన రెండు రోజులు ఎండ కాస్తే నేల ఆరిపోతుంది. మీ మావ పరిచిన ఈ పరుపు ఉందే, తాగిన నీళ్ళు చుక్క వదలదు. ఇంకో రెండు తట్టలు వేయమను, పిల్లల్నీ తెచ్చుకుంటాను."

గవరమ్మ ఆ మట్టిని వేళ్ళ మధ్య నలిపింది. జర్రున జారింది. నిప్పులో కాలితేనే ఇది కుండ, కాలకపోతే బురద. రాయికి కావలసింది నీళ్ళను కిందికి పోనిచ్చే నేల. ఇంట్లో అలాంటిదేముంది?

ఆవం వెనక పగిలిన కుండల పెంకుల గుట్ట ఉంది. ఎవరైనా చూస్తే పరువు పోతుందని పోలయ్య దాని మీద తాటాకులు కప్పి ఉంచేవాడు.

మూడోసారి పని గవరమ్మ చేసింది. జానెడు లోతు తవ్వి, పెంకులు పోసి రోకలితో దంచి, పైన ఏటి ఇసుక పరిచి రాయి పెట్టింది. దాని మీద నిండా నీళ్ళతో మూకుడు ఉంచింది. నీళ్ళు ఒక పక్కకు పొర్లితే మళ్ళీ ఎత్తి సరిచేసింది. కప్పను మట్టి నానబెట్టే గుంట దగ్గర దింపి వచ్చింది.

పోలయ్య లేచి వచ్చేసరికి ఒక రాయి కుదిరింది.

"నా పరువంతా పెరట్లో పరిచావు కదే."

"పరచలేదు మావయ్యా, పాతిపెట్టాను. ఇక తాటాకుల ఖర్చు ఉండదు."

సాయంత్రం వాన దంచికొట్టింది. పోలయ్య వెళ్ళి ఆ రాయిని కాలితో తొక్కాడు. కదల్లేదు. ఎగిరి తొక్కాడు. కదల్లేదు. తెల్లారి మిగతా రాళ్ళ కోసం తట్టెడు పెంకులు మోసుకొచ్చి కోడలి పక్కన పెట్టాడు.

పెళ్ళివారు వానలోనే వచ్చారు. రాణిగారి అక్క, మనిషి ఏనుగంత, నెత్తిన కుండతో ఏడు రాళ్ళూ దాటింది. ఒక్క రాయీ ఊగలేదు. కుండలన్నీ వీధిలోకి క్షేమంగా చేరాయి.

"దారి ఎవరు వేశారు?" అని ఆమె అడిగింది.

పోలయ్య గొంతు సవరించుకున్నాడు. గవరమ్మ ఆయన వంకే చూసింది.

"మా కోడలేనమ్మా. నేను పైన మెత్తుతూ కూర్చున్నాను. తను ఎత్తి చూసింది."

కాబట్టి పిల్లలూ, కుంగిన చోట పైపైన మెత్తకండి, ఎత్తి కింద ఏముందో చూడండి; మీరు దాచుకున్న తప్పులే రేపు మీ కాళ్ళ కింద గట్టి నేల కావచ్చు.