ప్రశంసకు మూలం

ఎవరైనా ఒక మాటకు అర్థం అడిగితే భావనారాయణగారు వెంటనే చెప్పేవారు కాదు. "దానితో నీకేం పని పడింది?" అని ముందు ఆరా తీసేవారు. ఆయన దగ్గర వ్యాకరణం చదువుకుంటున్న హైమవతి ఒక సాయంత్రం "ప్రశంస అంటే పొగడ్తేనా గురువుగారూ?" అని అడిగినప్పుడూ అలాగే అడిగారు.

పని పడిన మాట నిజమే. ఏటి మీద వంతెన వచ్చి రేవు మూతపడింది. ఇన్నేళ్లూ పడవ నడిపిన ఎర్రయ్యకు ఊరివాళ్లు సన్మానం తలపెట్టి, పత్రం రాసే బాధ్యత ఆమెకు అప్పగించారు. రాసింది చదివి వినిపించింది. కరుణాసముద్రుడు, ధైర్యమేరువు, త్యాగధనుడు.

"బాగుంది. ఎర్రయ్య పేరు తీసేసి నా పేరు పెట్టి చదువు," అన్నారాయన.

చదివింది. ఎక్కడా తేడా రాకుండా అతికింది. హైమవతి ముఖం చిన్నబోయింది.

"శంస్ అనే ధాతువుకు చెప్పడమని అర్థమమ్మా. ఉన్నది పైకి చెప్పడం. వెళ్లి ఎర్రయ్య ఏం చేశాడో కనుక్కో."

హైమవతి వెళ్లి అడిగితే ఎర్రయ్య "పడవ నడిపానమ్మా, అంతే," అన్నాడు. కూతురు నూకాలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది గానీ తండ్రిని నాన్నా అని పిలవదని హైమవతి గమనించింది. కారణం పక్కింటి చిట్టెమ్మ చెప్పింది. నూకాలు పసితనంలో తల్లి జ్వరంతో కన్నుమూసిన రోజున ఎర్రయ్య అవతలి ఒడ్డున ఉన్నాడు. తాగి పడిపోయాడని ఎవరో అన్నారు. అతను కాదనలేదు. ఆ పిల్ల అదే నమ్మి పెరిగింది.

"ఆ రోజు పడవలో ఉన్నది నేనమ్మా," అంది చిట్టెమ్మ. "కాన్పు అడ్డం తిరిగింది. వరదలో పడవ వెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. జ్వరంతో ఉన్న పెళ్లాన్ని వదిలి ఆయన వచ్చాడు. అవతల ఆసుపత్రి దగ్గర నన్ను దింపాక ఏరు ఇంకా పొంగి వెనక్కి వెళ్లలేకపోయాడు. నిజం చెబుతానంటే వద్దన్నాడు. తల్లి పోయిన కోపం నూకాలుకి ఆ రోజు పుట్టిన నా బిడ్డ మీదికి మళ్లుతుందని ఆయన భయం. ఇద్దరూ ఒక్క చోట ఆడుకునే పిల్లలు మరి."

"ఇప్పుడు చెప్పగలవా?"

చిట్టెమ్మ ఎర్రయ్య ఇంటి వైపు చూసింది. "పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఆయన్ని అడిగి చెబుతాను."

అడిగితే ఎర్రయ్య అవుననలేదు, ఈసారి వద్దనీ అనలేదు.

సభలో హైమవతి పత్రం విప్పలేదు. చిట్టెమ్మను వేదిక మీదికి పిలిచింది. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎర్రయ్య తల వంచుకుని కూర్చున్నాడు. కింద నూకాలు పక్కనే ఉన్న చిట్టెమ్మ కూతురు బిక్కచచ్చిపోయి లేవబోయింది. నూకాలు ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదలకుండానే వేదిక దాకా నడిచి వెళ్లింది.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

ఎర్రయ్య కొత్త శాలువతోనే కళ్లు తుడుచుకున్నాడు.

గురువుగారితో తిరిగి వస్తూ హైమవతి నెమ్మదిగా అంది: "సభలో ఆయన గురించి మేమెవరమూ ఒక్క పొగడ్త మాటైనా అనలేదండీ."

"అవునమ్మా," అన్నారు భావనారాయణగారు. "అందుకే ఆ పిల్లకు వినపడింది."