నక్క ఇచ్చిన సమస్య

గిన్నెకోడి మంగతాయారు డాక్టరేటు చదవబోయి, తన బడి పిల్లలను తిన్నగా నక్క నోటి దగ్గరికి నడిపించబోయింది.

జొన్నచేను పక్కనున్న కోడిపిల్లల బడికి ఆమె పెద్దపంతులమ్మ. గుట్ట మీద నక్క ఆచార్యులు బడిపెద్దల కోసం డాక్టరేటు చదువు పెట్టాడు. పాఠాలు చెప్పడట. సమస్య ఇస్తాడట, దాన్ని సాధించడమే చదువట. దూడల బడి నడిపే ఎద్దు బసవయ్యకు, కాపలా కుక్కలను మధ్యాహ్నంపూట నిద్రపుచ్చడమెలా అన్న సమస్య దక్కింది. మంగతాయారుకేమో, బడి వదలగానే తలో దారీ పట్టే పిల్లలను ఒకే వరుసలో, కిక్కురుమనకుండా, వాగు దారిన పంపడమెలా అన్నది వచ్చింది.

పిల్లలు తలో దారీ పట్టడం ఒక సమస్య అని ఆమెకు అంతవరకూ తెలియదు. ఆ మాటే అడిగితే నక్క తల పంకించాడు.

"అయోమయమే జ్ఞానానికి గడప తల్లీ. దాటి లోపలికి రండి."

దాటింది. పిల్లల కిచకిచలు మాన్పించింది, వరుస నేర్పింది. నక్క మురిసిపోయి, శుక్రవారం మధ్యాహ్నం పరీక్ష అన్నాడు. పరీక్షకుడు తానొక్కడేనట, వాగు పొదల్లోంచి చూస్తాడట.

నీళ్ల తొట్టి దగ్గర బసవయ్య నెమరేస్తూ తన ఘనత చెప్పుకున్నాడు. చిక్కటి గంజి పోస్తే కుక్కలు ఒళ్లెరగకుండా పడుకుంటున్నాయట. అతని పరీక్ష కూడా శుక్రవారం మధ్యాహ్నమేనట.

"అన్నయ్యా, కుక్కలు మెలకువగా ఉంటే ఎవరికి ఇబ్బంది?"

ఎద్దు నెమరు ఆపాడు. "కుక్కలకు కాదు. నాకూ కాదు."

"పిల్లలు చెల్లాచెదురుగా పోతే నాకూ ఇబ్బంది లేదు. మరెవరికి?"

"గుట్ట మీదాయనకమ్మా. మనిద్దరం కూర్చుని దొంగకు తాళంచెవులు చేసిపెడుతున్నాం."

అయినా ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. అంత చదివినాయన! అనుమానించడం తప్పేమో, అనుమానించకపోవడం అంతకన్నా తప్పేమో. తేల్చుకోవాలంటే పరీక్ష పెట్టాల్సిందే అనుకుంది.

శుక్రవారం కుక్కలకు గంజి పడలేదు. పిల్లలు బడిలోనే ఉన్నారు. వాగు దారిన మాత్రం వరుస కదిలింది, ఒకరి వెనక ఒకరు, కిక్కురుమనకుండా. కళ్లు మూసుకుని లొట్టలేస్తున్న నక్క అడుగుల సడి విని ఒక్క దూకు దూకాడు. దూకింది కుక్కల మధ్యకు. సగం తోక అక్కడే వదిలి గుట్ట దాటిపోయాడు.

"మరి మన పట్టాలో?" అన్నాడు బసవయ్య దిగులుగా.

సమస్యనైతే సాధించారు. అది చదువు కిందికి వస్తుందో రాదో మంగతాయారుకూ తేలలేదు. ఇకమీదట తన బడిలో పుట్టిన సమస్యతోనే కుస్తీ పడతానని మాత్రం తీర్మానించుకుంది. బక్కపిల్లలకు గింజ ఎందుకు అందడం లేదన్న దానితో మర్నాడే మొదలుపెట్టింది. తర్వాత ఎందరు ఆచార్యులొచ్చి ఎన్ని సమస్యలు చూపినా ఆ మాట తప్పలేదు.

పొయ్యి వెలిగించేముందు, అది ఎవరి ఆకలికో అడగాలి.