పేరిభట్టు సూది శాసనం

మల్లెకోన రాజు అనంతభూపతికి ఏటా చలికాలం రాగానే ఒక చిరాకు పట్టుకునేది. ఆ చిరాకు పేరు పేరిభట్టు.

పేరిభట్టు రాజవైద్యుడు. వైద్యం విషయంలో రాజవైద్యుడి మాటే చివరి మాటని రాజుగారి తాతగారు, ఏ జ్వరంలో ఉండి రాయించారో గానీ, రాగిరేకు మీద చెక్కించి మరీ పోయారు.

ఆ రాజ్యంలో పడిశపు జ్వరం రాకుండా జబ్బకు ఒక సూదిమందు వేసేవారు. మందు నూరేదీ, వడకట్టేదీ, సీసాలకు పట్టేదీ మందుల అంగళ్లవాళ్లు. పొడిచే అధికారం మాత్రం వైద్యులది. రాజధాని మొత్తానికి వాళ్లు నలుగురు. పూజ ముగించి, ఫలహారం చేసి, ఒక కునుకు తీసి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమయ్యేది. ఇరవై మందికి పొడిచేసరికి చేతులు లాగుతున్నాయని లేచిపోయేవారు. పాపం, సూది బరువు అలాంటిది.

కిందటేడు మందుల అంగడి ఓబమ్మ భర్త ఆ వరుసలో పదకొండు రోజులు నిలబడ్డాడు. పన్నెండో రోజున జ్వరం పట్టింది. ఓబమ్మ తన చేత్తో నూరిన మందు అంగట్లోనే, సీసాల నిండా ఉంది. ఆజ్ఞ మీరకూడదని ఆమె దాన్ని ముట్టుకోలేదు. మనిషి దక్కలేదు.

ఈ ఏడు జ్వరం పక్క ఊరిదాకా వచ్చిందని తెలిసి ఆమె కొలువుకు వచ్చింది. పిల్లల సంగతి వైద్యులే చూసుకోనీ, పెద్దవాళ్లకైనా అంగళ్లలో మందు వేయనివ్వండని మొరపెట్టుకుంది.

పేరిభట్టు నవ్వాడు.

"పొట్లాలు కట్టేవాళ్లు సూది పట్టడమా ప్రభూ? దానికి పన్నెండేళ్లు శాస్త్రం చదవాలి."

రాజుకు ఓబమ్మ మాటే సబబనిపించింది. కానీ రాగిరేకు అడ్డం. తనకు తాంబూలం అందించే బాచన్న వైపు వంగి, ఈయన చెప్పేది తప్పని ఈయన నోటితోనే అనిపించు, నా చేతి కడియం నీది అన్నాడు మెల్లగా.

బాచన్న ముందుకొచ్చాడు. ఓబమ్మ పక్షాన మాట్లాడతాడని అందరూ అనుకున్నారు. అతనేమో పేరిభట్టుకు వంగి దండం పెట్టాడు.

"భట్టుగారు చెప్పిందే న్యాయం. నోటిమాటగా వదిలేయకుండా శాసనం రాయించండి. లేకపోతే రేపు ఒకడు ఇది సూది కాదు ముల్లంటాడు, ఇంకొకడు తీగంటాడు."

తన గొప్పతనం గుర్తించినవాడు ఇన్నాళ్లకు ఒకడు దొరికాడని పేరిభట్టు మురిసిపోయాడు. అక్కడికక్కడే శాసనం చెప్పి రాయించాడు. వైద్యుడు కానివాడు ఎవడైనా సరే, సూదితో గానీ, ముల్లుతో గానీ, తీగతో గానీ మనిషి ఒంటికి చిల్లు పెడితే వాడి అంగడికి తాళం. సాయంత్రానికల్లా ఊరంతా దండోరా వేశారు.

ఓబమ్మ గుమ్మం దగ్గర బాచన్నను నిలదీసింది. నాలుగు రోజులు ఓపిక పట్టమ్మా అన్నాడతను.

"జ్వరం ఓపిక పడుతుందా అయ్యా?" అని ఆమె వెళ్లిపోయింది. ఆ మాట బాచన్నకు నిజంగానే గుచ్చుకుంది.

నాలుగో రోజున పేరిభట్టు మనవరాలికి చెవులు కుట్టే వేడుక. ఆ సంగతి బాచన్నకు ముందే తెలుసు. వేడుకకు తమలపాకులు తెప్పించి పెట్టింది అతనే మరి.

పందిరి వేశారు, సన్నాయి పెట్టారు, రాజుగారూ వచ్చి కూర్చున్నారు. పిల్ల మేనమామ ఒళ్లో ఉంది. కంసాలి వీరాచారి బంగారు తీగ మొన చూసుకుని, పిల్ల చెవి తమ్మె పట్టుకున్నాడు.

"ఆగు ఆచారీ," అన్నాడు బాచన్న. "నువ్వు పన్నెండేళ్లు శాస్త్రం చదివావా?"

శాస్త్రం తెలియదు గానీ ముప్పై ఏళ్లుగా చెవులు కుడుతున్నానని, భట్టుగారి కూతురికీ తానే కుట్టానని వీరాచారి చెప్పుకున్నాడు. బాచన్న శాసనం తీసి, 'తీగతో గానీ' అన్న చోట వేలు పెట్టి చూపించాడు. వీరాచారి తీగను పళ్లెంలో పెట్టేసి చేతులు కట్టుకున్నాడు.

రాజు ముఖంలో నవ్వు కనపడనివ్వలేదు. ఇంటిపెద్దే వైద్యుడు, చింతేముంది, కానివ్వండి భట్టుగారూ అన్నాడు.

పేరిభట్టు తీగ అందుకున్నాడు. ఆయన సూది పట్టడం మానేసి పదేళ్లయింది. పొడిచేది శిష్యులు, పక్కన కూర్చుని శ్లోకం చదివేది ఆయన. తీగ మొన వణుక్కుంటూ తమ్మెదాకా వెళ్లింది, చెంపవైపు తిరిగింది, వెనక్కి వచ్చింది. పిల్ల పందిరి అదిరేలా ఏడ్చింది. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు తొందరపెట్టాడు. పేరిభట్టు భార్య కామాక్షమ్మ విసవిసా వచ్చింది.

"ఆ తీగ ఆచారికిస్తారా, పిల్ల కన్ను పొడుస్తారా?"

పేరిభట్టుకు చెమటలు కారుతున్నాయి. తీగను వీరాచారి చేతిలో కుక్కేశాడు.

"కుట్టవయ్యా. చెయ్యి తిరిగినవాడు ఎవడైనా పొడవచ్చు. ఇంతోటిదానికి వైద్యుడెందుకు?"

సన్నాయి ఆగిపోయింది. బాచన్న చేతులు జోడించాడు.

"ప్రభూ, వైద్యం విషయంలో భట్టుగారి మాటే చివరి మాట. రాసుకోమంటారా?"

పందిరంతా నవ్వులే. ఆ నవ్వులకు పిల్ల ఏడుపు మరిచి చూస్తుండగానే వీరాచారి రెండు చెవులూ కుట్టేశాడు. పెద్దవాళ్లకు ఇకమీదట మందుల అంగళ్లలోనే సూదిమందు వేయవచ్చని రాజు కొత్త శాసనం రాయించి, ఓబమ్మను పిలిపించాడు. ఆమె సీసాలతో సహా వచ్చింది.

అప్పుడే పేరిభట్టు గట్టిగా తుమ్మాడు. రాజవైద్యుడికి తన వరుసలో తానే నిలబడే తీరిక ఈ ఏడు ఇంకా చిక్కలేదట.

ఓబమ్మ ఆయన జబ్బ తుడిచింది.

"శాస్త్రం నాకు రాదు బాబూ. చెయ్యి మాత్రం తిరిగింది."

పేరిభట్టు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కాసేపు చూశాడు. ఇంకాసేపు ఆగాడు.

"ఇంకెప్పుడమ్మా పొడవడం?"

"అయిపోయి చాలాసేపైందండీ," అంది ఓబమ్మ, అప్పటికే రాజుగారి జబ్బ తుడుస్తూ.

రాజు పగలబడి నవ్వుతూనే, ఆడిన మాట ప్రకారం తన చేతి కడియం తీసి బాచన్న చేతికి తొడిగాడు.