తెగిన రెండక్షరాలు

“ఆ బడి వంటావిడని బయటికి రమ్మనండి” అని వీధి మొదట్లోంచి ఒక కేక వినబడింది.

ఆ సమయానికి ప్రవల్లిక అనే ఎనిమిదో తరగతి పిల్ల, ఏ పనైనా అందరికంటే ముందు ముగించేయాలని ఆత్రపడే పిల్ల, మునగలపాడు బడి వరండాలో ఖాళీ కంచం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. కేక విని తలెత్తింది. పాతికమంది దాకా గేటు తోసుకుని వస్తున్నారు. ముందు లారీ డ్రైవరు సింహాచలం. అతని కొడుకు ఆరో తరగతి. ఆ వెనకే ప్రవల్లిక తల్లి నాగమణి, చేతిలో ఫోను.

పైడమ్మ వంటగదిలోంచి గరిటెతోనే వచ్చింది. ఆ బడిలో పదకొండేళ్ళుగా ఆమే వండుతోంది. పిల్లలందరికీ ఆమె పైడమ్మత్త.

“ఏటి బాబూ, ఏటైంది?” అంది పైడమ్మ.

సింహాచలం తన ఫోను పైకెత్తి ఒక రికార్డు చివరి ముక్క వినిపించాడు. అందులో పైడమ్మ గొంతు ఇలా అంది: “సాంబార్లో బల్లి పడినా తీసి పారేసి పిల్లలకి పెట్టేస్తా.” అంతే. అక్కడితో ఆగిపోయింది.

చిన్నపిల్లలు ఆకలి మరచిపోయి కంచాలు దూరంగా నెట్టారు.

“గొంతు నాదే బాబూ. కానీ నేనలా అన్లేదు.”

“గొంతు నీదైతే మాట ఎవరిది, బల్లిదా?” అన్నాడు సింహాచలం. తరవాత నాగమణి వైపు తిరిగి, “నీ కూతురు పుణ్యమా అని బయటపడిందమ్మా, లేకపోతే మన పిల్లలు ఇంకెన్నాళ్ళు తిందురో” అన్నాడు. నాగమణి గర్వంగా కూతురి వైపు చూసింది.

అది పొద్దున్న ప్రవల్లిక పంపిన రికార్డే.

సంగతేమిటంటే, తెలుగు చెప్పే సత్యవాణి టీచర్ ఆ వారం పిల్లలచేత పాడ్‌కాస్ట్ చేయించింది. పాడ్‌కాస్ట్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రేడియోలో ముచ్చటలాగా ఒకరితో మాట్లాడి, ఫోనులో రికార్డు చేసి, నలుగురూ వినేలా పంపడం. “ఊళ్ళో కష్టపడే ఒకరితో మాట్లాడండి. మూడు నిమిషాలు దాటకూడదు. బడి గ్రూపులో పెట్టేముందు చివరిదాకా ఒకసారి వినండి” అని టీచర్ చెప్పింది. ఆ గ్రూపులో ఉన్నవన్నీ తల్లిదండ్రుల ఫోనులే. ప్రవల్లిక పైడమ్మతో మాట్లాడింది. అది మూడు నిమిషాల ఇరవై సెకన్లు వచ్చింది. పొద్దున్న తల్లి జడ వేస్తుంటే, ఆ కూర్చున్న చోటే ఆమె ఫోనులో చివరి ఇరవై సెకన్లు కత్తిరించి, వినకుండానే పంపేసింది. అందరికంటే తనదే మొదటిది అయింది. ఆ ముచ్చటలో మురిసిపోతూ బడికి వచ్చింది.

ఇప్పుడు ఎవరో ఒక తెల్లకాగితం తెచ్చారు. “వంట మానుకుంటున్నానని సంతకం పెట్టు” అన్నారు.

“కాస్త ఆగండి, విచారిద్దాం” అంది సత్యవాణి టీచర్.

“పిల్లలకేదైనా అయ్యాక విచారిస్తారా టీచర్‌గారూ?” అన్నాడు సింహాచలం.

పైడమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. “ఈ పని పోతే నేనెక్కడికి పోతాను బాబూ” అని మాత్రం అంది. ఆమె కలం పట్టుకుంది.

ప్రవల్లిక ఆ కలం వైపు చూసింది. నోరు విప్పితే ఈ పాతికమందీ తన మీద పడతారు. ఇప్పుడే మెచ్చుకున్న అమ్మ అందరిలో తలదించుకోవాలి. నోరు విప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ మాట తట్టగానే ఆమెకు ఇంకా ఎక్కువ భయం వేసింది. నిజంగానే ఎవరికీ తెలియదు, తనకు తప్ప.

లేచి నిలబడింది.

“అమ్మా, ఫోనివ్వు.”

“ఇప్పుడెందుకే?”

“కత్తిరించనిది అందులోనే ఉంది. అందరూ వినాలి.”

వేలు రెండుసార్లు తప్పు చోట పడింది. మూడోసారి రికార్డు చివరి భాగం మోగింది. పైడమ్మ గొంతు నింపాదిగా వచ్చింది: “సాంబార్లో బల్లి పడినా తీసి పారేసి పిల్లలకి పెట్టేస్తారని బడి వంటకి ఓ అపవాదు ఉంది కదమ్మా. నా చేతిలో గరిటె ఉండగా అది జరగదు. అనుమానం వస్తే డేక్సా బోర్లించేసి మళ్ళీ వండుతాను. ఆ పూట నేను పస్తుంటాను గానీ పిల్లలకి అలాంటిది పెట్టను.”

‘పెట్టేస్తారని’లో ‘రని’ తెగింది. ఆ రెండక్షరాలతో పాటు మనిషి మంచితనమంతా తెగిపోయింది.

“నేనే కత్తిరించాను. వినకుండా పంపాను” అంది ప్రవల్లిక. ఏడవకూడదనుకుంది గానీ ఏడ్చేసింది.

సింహాచలం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “అక్కా, తప్పయిపోయింది” అన్నాడు.

“పిల్లల కోసమేగా వచ్చావు, పర్లేదు” అంది పైడమ్మ. అన్నదే గానీ కలం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ప్రవల్లిక తను పంపిన ముక్కను తీసేసి, టీచర్ చెప్పినట్టు మొత్తం రికార్డు పెట్టింది. కానీ అప్పటికే కొందరు ఆ ముక్కను పక్క ఊళ్ళ గ్రూపులకు పంపేశారు. దాన్ని ఎవరు విన్నారో, ఎవరికి పంపారో తెలియదు, వెనక్కి తెచ్చే దారీ ఎవరికీ తోచలేదు. అక్కడ పైడమ్మ ఇంకా చెడ్డ మనిషే.

“అత్తా, నన్ను తిట్టు” అంది ప్రవల్లిక.

“తిట్టడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదే. పొద్దుటినించి నేనూ ఏమీ తిన్లేదు. పద, సాంబారు చల్లారిపోతోంది.”

ఆ రోజు నాగమణి వడ్డించింది. సింహాచలం తన కొడుకు పక్కనే నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పైడమ్మ వద్దు వద్దంటున్నా ఆమెను ప్రవల్లిక పక్కన కూర్చోబెట్టారు. చివరికి నాగమణి కూడా గరిటె పక్కన పెట్టి కూర్చుంది. అందరూ కలిసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

ఒకరి మాటను నలుగురికీ పంపేవాళ్ళు దాన్ని చివరి అక్షరం దాకా వినితీరాలి, ఎందుకంటే సగంలో తెగిన నిజం అబద్ధం కంటే ఎక్కువ కీడు చేస్తుంది.