మలుపులో ఇసుక

సుభాషిణి ఆ ప్లాను ఏడోసారి తిరగరాసింది. అయినా మిగతా అయిదుగురికీ నచ్చలేదు.

విశాఖపట్నం నుంచి ఆరుగురు భూటాన్‌లో సైకిల్ యాత్ర చెయ్యాలనుకున్నారు. బెంగాల్ అంచున జైగావ్ దగ్గర సరిహద్దు గేటు దాటి ఆ దేశంలో అడుగుపెట్టడం, నాలుగు పెద్ద కనుమలు ఎక్కి దిగి, తూర్పు కొసన మళ్ళీ అస్సాంలోకి రావడం. పర్మిట్లు, బసలు, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఏ ఊరు దాటాక ఎత్తు మొదలవుతుంది, అన్నీ సుభాషిణే రాసింది. కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి, ఒక్క అంకె తప్పు పోదు.

గొడవంతా ఒక్క మాట దగ్గరే వచ్చింది. ప్రతి కనుమ కొసనా ‘ఇక్కణ్ణుంచి జీపు’ అని రాసి ఉంది.

“ఊపిరి తెగేలా ఎక్కి, తీరా దిగేటప్పుడు జీపా? పెళ్ళికెళ్ళి భోజనం చెయ్యకుండా వచ్చినట్టుంది,” అంది నిలోఫర్. ఆ అయిదుగురిలో సుభాషిణికి అందరికంటే దగ్గరి స్నేహితురాలు.

“టైము కలిసొస్తుందే,” అంది సుభాషిణి, తలెత్తకుండా.

తన మాటే సరైనదని ఎవరైనా పెద్దవాళ్ళు అంటే బాగుండుననిపించింది. కాగితాలు పట్టుకుని గవరయ్య మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

ఆయన బళ్ళో పాఠం చెప్పిన మనిషి కాదు. ముప్పై నాలుగేళ్ళు ఏజెన్సీ కొండల్లో సైకిల్ మీద ఉత్తరాలు పంచారు. రిటైరయ్యాక ఆదివారాలు బీచ్ రోడ్డులో, అడిగిన వాళ్ళకి కొండలెక్కడం నేర్పుతూంటే జనమే మాస్టారన్నారు. సుభాషిణికీ నిలోఫర్‌కీ నేర్పింది ఆయనే.

మాస్టారు ప్రతి వరసా వేలు పెట్టి చదివారు.

“దిగేటప్పుడు జీపు కంటే సైకిలే ముందు పోతుంది కదమ్మా,” అన్నారు.

సుభాషిణి కాగితాలు మడతపెట్టేసింది. ఆయనా రెట్టించలేదు.

“శనివారం పొద్దున్నే శృంగవరపుకోట వచ్చెయ్. అనంతగిరి ఘాటు ఎక్కుదాం.”

ఎక్కారు. ఎక్కడం సుభాషిణికి ఎప్పుడూ కష్టం కాదు. మిరియాల తీగలు పాకిన చెట్ల మధ్య, మలుపు తర్వాత మలుపు, డెబ్భై ఏళ్ళ ముసలాయన వెనకపడకుండా చూసుకుంటూ పైకి చేరింది. బడ్డీ దగ్గర కాఫీ తాగారు. గ్లాసు కింద పెట్టి, రెండేళ్ళుగా అందరికీ చెప్తున్న మాటే ఆయనకీ చెప్పింది.

“మా తమ్ముడు కారేసుకుని వస్తున్నాడు మాస్టారూ. నేను అందులో దిగిపోతాను.”

“రానీ. అందాకా నడుద్దాం.”

ఆయన సైకిలెక్కలేదు. హ్యాండిల్ పట్టుకుని, రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ కిందికి నడవడం మొదలుపెట్టారు. చేసేది లేక ఆమే వెంట నడిచింది. ఏ తమ్ముడూ రావడం లేదని ఇద్దరికీ తెలుసు.

మూడు కిలోమీటర్లు నడిచాక ఒక మలుపు వచ్చింది. కల్వర్టు, పక్కన పిట్టగోడ. అక్కడ సుభాషిణి రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళిపోయింది. మాస్టారు అది చూసి, సైకిల్ గోడకి ఆనించి కూర్చున్నారు.

ఒక బస్సు వెళ్ళింది. దాని చప్పుడు కింది లోయలో కలిసిపోయింది.

“నిలోఫర్ ఇక్కడే పడింది మాస్టారూ,” అంది చివరికి.

“తెలుసు.”

“నా వెనకే వస్తూ పడింది.”

“అదీ తెలుసు.”

“ఇసుక నేను చూశాను.”

అది ఆయనకి తెలీదు.

“చెయ్యి చాపి చూపించి ఉంటే అది ఆగేది. చెయ్యి తీస్తే నా వేగం తగ్గుతుందని తియ్యలేదు. ఆ రోజు ఎన్ని నిమిషాల్లో దిగుతానా అని చూసుకుంటున్నాను. దాని భుజం ఎముకా మోచెయ్యీ విరిగాయి. మోచేతిలో ఇప్పటికీ రాడ్డుంది. తనే దిక్కులు చూస్తూ తొక్కానని అనుకుంటోంది మాస్టారూ. నేను అనుకోనిచ్చాను.”

పోనీలే అని ఆయన అనలేదు. ఎంత పని చేశావనీ అనలేదు. లేచి, తన సైకిల్ నడిపించుకొచ్చి సరిగ్గా ఆమె సైకిల్ వెనక నిలబెట్టారు.

“పదమ్మా.”

సుభాషిణి తన సైకిల్ పక్కకి లాగింది. “నా వెనక వద్దు మాస్టారూ. మీరు ముందు వెళ్ళండి.”

“నాకిప్పుడు కళ్ళు సరిగా ఆనవు. దారి నువ్వు చూపిస్తే దిగుతాను. లేకపోతే ఇలా కోట దాకా నడవాల్సిందే.”

ఆయన మోకాళ్ళ నొప్పుల సంగతి ఆమెకి తెలుసు. సైకిలెక్కింది.

మొదటి కిలోమీటరు నడక కంటే మెల్లగా దిగింది. బ్రేకుల మీద వేళ్ళు కొయ్యబారిపోయాయి. వెనక ఆయన చెయిన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. కాస్త వెనకపడితే భయం, దగ్గరికొస్తే ఇంకా భయం. కంకర కనిపించింది, చెయ్యి చాపింది. గుంట, చెయ్యి చాపింది. ఎదురుగా లారీ, పేడ, రాలిన కొమ్మ. దేన్నీ వదల్లేదు. చివరి మలుపు తిరిగి చదునైన రోడ్డు మీదికి వచ్చేసరికి ఆ చెయ్యి భుజం దాకా గుంజుతోంది.

మాస్టారు దిగి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. సుభాషిణి పక్కనే నిలబడి అడిగింది.

“నిలోఫర్‌కి ఏమని చెప్పను మాస్టారూ?”

“ఇసుక ఉందని చెప్పమ్మా.”

ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పింది. నిలోఫర్ ఆరిన బట్టలు మడతపెడుతోంది. విన్నాక చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది.

“చూశావా?”

“చూశాను.”

“రెండేళ్ళు సుభా. రెండేళ్ళుగా మా అమ్మ నన్ను దిక్కులు చూసే పిల్లంటోంది. నేనూ అవునమ్మా అంటున్నాను.”

లేచి వెళ్ళి వీధి తలుపు తీసి నిలబడింది. సుభాషిణి చెప్పులేసుకుని వచ్చేసింది.

ఆ తర్వాత నిలోఫర్ ఫోనెత్తలేదు. ప్రయాణానికి రానంటుందేమోనని సుభాషిణి భయపడింది. అనలేదు. బయల్దేరే ముందు మాత్రం ‘వస్తున్నాను’ అని ఒక్క ముక్క రాసింది. అప్పటికి ప్లాను ఎనిమిదోసారి మారింది. జీపులో ఇప్పుడు సామాను మాత్రమే వెళ్తుంది.

జైగావ్ గేటు దాటారు. రాజధాని థింపూ దాకా నిలోఫర్ అందరితో నవ్వింది, అందరితో కబుర్లు చెప్పింది, సుభాషిణితో తప్ప. సుభాషిణి అడగలేదు, బతిమాలలేదు. సాయంత్రం బసకి చేరాక ఆరు సైకిళ్ళ బ్రేకులూ చూసి పడుకునేది.

మొదటి పెద్ద కనుమ దోచులా. మూడు వేల మీటర్లు దాటిన ఎత్తు. పొగమంచులో వరసగా చిన్న చిన్న స్తూపాలు, గాలికి కొట్టుకుంటున్న మంత్రాల జెండాలు. వణుక్కుంటూ టీ తాగి, నలుగురు ముందు దిగిపోయారు. సుభాషిణి చేతి తొడుగులు వేసుకుని తల తిప్పేసరికి నిలోఫర్ ఇంకా అక్కడే ఉంది, ఒక కాలు నేల మీద ఆన్చి.

“నువ్వు పద,” అంది. ఆ సాయంత్రం తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అదే. “నేను కాస్త ఎడంగా వస్తాను.”

“ఎడంగానే రా,” అంది సుభాషిణి.

దిగడం మొదలుపెట్టింది. రెండో మలుపులో కొండచరియ నుంచి జారిన తడి మట్టి రోడ్డు సగం దాకా పరుచుకుని ఉంది. చెయ్యి బారుగా చాపి, అది దాటేదాకా దించలేదు.

వెనక మంచులోంచి కేక వినిపించింది.

“చూశాను!”