గానుగ ఇంట్లో రాపిడి వేట

వేమగుంటలో గానుగ ఆడించే కోటిలింగం ఇంట్లో తెలివికి కరువు లేదు. ఆ మాట అన్నది ఊరు కాదు, వాళ్ళే. "ఇంత తెలివి ఇంట్లో పెట్టుకున్నాం, రాత్రిపూట ఎవడైనా ఎత్తుకుపోతే?" అని కోటిలింగం తలుపుకి రెండు గొళ్ళేలు పెట్టేవాడు. "తలుపేస్తే సరా అన్నయ్యా, చెవుల్లోంచి కారిపోదూ?" అని తమ్ముడు బుచ్చిలింగం చెవుల్లో దూది కుక్కుకుని పడుకునేవాడు. కోటిలింగం భార్య అంకమ్మ ఇద్దర్నీ చూసి, ఇలాంటి ఇంట్లో పడ్డందుకు మురిసిపోయేది. ఆ మురిపెం చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

అదే వీధిలో చెంచయ్యగారింట పెళ్ళి. అరిసెలు వండటానికి గంగాళం నిండా నువ్వులనూనె కావాలన్నాడు. "రేపు పొద్దుగూకేలోగా నూనె చేరకపోతే మీ గుమ్మం తొక్కను, ఊళ్ళో ఎవర్నీ తొక్కనివ్వను" అని మరీ చెప్పాడు. ఆ ఇంటి తిండి ఆ గానుగ మీదే. నూనె ఆడించారు, గంగాళం నింపారు. మూతపెట్టి ఊరుకుంటే ఏ గొడవా లేదు. ఊరుకుంటారా?

మర్నాడు పొద్దున్నే బడిలో వరూధిని టీచరమ్మ చిన్నపిల్లల అమ్మానాన్నల్ని పిలిచింది. కోటిలింగం తమ్ముణ్ణి వెంటేసుకుని వెళ్ళాడు. "ఇంట్లో ఆటగా సైన్సు నేర్పండి. ఈ వారం రాపిడి. రెండు వస్తువులు రాసుకుంటే రాపిడి పుడుతుంది. అరచేతులు రుద్దుకుంటే వేడెక్కుతాయి చూడండి. నేల నున్నగా ఉంటే గోలీ దూరం పోతుంది. నూనె రాస్తే రాపిడి తగ్గుతుంది. ఇంట్లో రాపిడి ఎక్కడెక్కడ ఉందో పిల్లలతో వెతికించండి" అంది. "అయితే రాపిడి లేకపోతే మనం నడవనే లేం..." అని ఇంకా చెబుతూనే ఉంది, అన్నదమ్ములిద్దరూ లేచి వచ్చేశారు. అంత తెలివిగలవాళ్ళకి ఆఖరిదాకా వినాల్సిన ఖర్మేముంది!

ఇంకేముంది, ఇంట్లో వేట మొదలైంది. కుండలు బోర్లించారు, పరుపులు దులిపారు.

"నాన్నా, రాపిడికి తోక ఉంటుందా?" అంది కోటిలింగం కూతురు, ఆరేళ్ళ గౌరి.

"పిచ్చిదానా, సైన్సుకి తోకేమిటే? కొమ్ములుంటాయి."

"కరుస్తుందా?" అన్నాడు దాని తమ్ముడు పోలి.

"కొమ్ములున్నది కరవదురా, కుమ్ముతుంది" అని బుచ్చిలింగం వాణ్ణి చంకనేసుకుని గూట్లోకి తొంగిచూశాడు.

దొరకలేదు. పోనీ పుట్టిద్దామని అందరూ కూర్చుని అరచేతులు రుద్దుకున్నారు. వెచ్చబడ్డాయి. అంతే, అంకమ్మ పొయ్యిలో కట్టెలు లాగి నీళ్ళు చల్లేసింది. "వేడి చేతుల్లోనే ఉంటే పొగ ఎందుకయ్యా మనకి?" అంది. బియ్యం కడిగి ఎసరు పోసి, గిన్నె చుట్టూ కూర్చుని అందరూ చేతులు రుద్దడం మొదలుపెట్టారు.

"వదినా, ఉడికిందేమో మెతుకు పట్టి చూడనా?"

"చెయ్యి ఆపావంటే చంపుతా! వంట చల్లారిపోతుంది."

మధ్యాహ్నమైంది. అరచేతులు కందాయి, బియ్యం నానాయి. పిల్లలు నానిన బియ్యంలో బెల్లం కలుపుకుని తిని హాయిగా లేచిపోయారు.

"సరే, గోలీ ఆట చూపిద్దాం" అన్నాడు కోటిలింగం. నేల గరుకుగా ఉంది, గోలీ నాలుగు దొర్లులు దొర్లి ఆగింది. "నూనె రాయాలన్నారుగా!" అని గంగాళంలోంచి చెంబుడు తీసి పోశాడు. గోలీ అవతలి గోడ దాకా పోయింది. "వీధిలోకి పోవాలి!" అని పిల్లలు గంతులేశారు. అంతే, వంటింటినుంచి వీధి గుమ్మందాకా నేలంతా నూనె. గోలీ వెనకాలే బుచ్చిలింగం కూడా వీధిలోకి పోయాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

"చూశావా అన్నయ్యా! నడవకుండానే ఊరు తిరగొచ్చు!"

ఇంకేముంది, నిచ్చెన మెట్లకి రాశారు. చీపురు అరిగిపోతోందని దానికీ రాశారు. "గిట్టలు నేలకి రాసుకుని అరగవూ పాపం" అని ఎద్దుకీ రాశారు. అది నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా చాపి చతికిలబడింది. "ఎంత సుఖపడిందో చూడు" అంది అంకమ్మ. తీరా చూస్తే గంగాళంలో నూనె సగానికి దిగింది.

"భయమెందుకు, ఆడిద్దాం" అని కోటిలింగం రోట్లో నువ్వులు పోసి, ఎద్దు గిట్టలకి మట్టి పూసి గానుగకి కట్టాడు. రోకలి రోటిని రాసుకుంటూ కిర్రుమంది. కోటిలింగం కళ్ళు పెద్దవయ్యాయి.

"ఒరేయ్ బుచ్చీ! దొరికిందిరా! రాపిడి ఇక్కడ దాక్కుంది! తాతల నాటినుంచీ ఇక్కడే మేస్తోంది!"

అన్నదమ్ములు రోకలి ఊడబెరికి గోడకి ఆనించారు. ఎద్దు ఉత్త రోటి చుట్టూ తోక ఊపుకుంటూ పరుగెత్తింది. "ఇన్నాళ్ళూ దాన్ని ఏడిపించాం కదయ్యా" అని అంకమ్మ కళ్ళొత్తుకుంది. ఎద్దు తిరిగిందీ తిరిగిందీ, రోట్లో నువ్వులు నువ్వుల్లాగే ఉన్నాయి. ఇంత చదువు ఒంటబట్టాక నువ్వులకి మాత్రం నలిగే అవసరమేముంది!

పొద్దు వాలింది. చెంచయ్య గుమ్మంలో కాలు పెట్టాడు.

"ఒరే కోటిలింగం, నూనె..." అన్నాడు. మిగతా మాట వంటింట్లో వినబడింది. నూనె నేల మీద సర్రున జారి, చీపురుని ఈడ్చుకుంటూ పోయి గంగాళాన్ని ఢీకొన్నాడు. అది తిరగబడింది. మిగిలిన నూనెంతా తలపాగా, చొక్కా, పంచె చుక్క వదలకుండా పీల్చేశాయి. లేవబోతే జారాడు. పట్టుకోబోయిన అన్నదమ్ముల చేతుల్లోంచీ సబ్బులా జారాడు.

"బుద్ధిలేని సన్నాసుల్లారా! అక్కడ మూకుడు పొయ్యి మీదుంది, చలిమిడి గట్టిపడిపోతోంది! నాకేం చెప్పకండి! నా నూనె ఎక్కడుందో అక్కణ్ణించి, చుక్క కూడా పోకుండా, ఈ క్షణం మా ఇంటికి చేరాలి!"

"చేరుస్తాం బాబుగారూ" అన్నాడు కోటిలింగం. మాటంటే మాటే.

చెంచయ్య మొహం తుడుచుకోబోయాడు. "అయ్యయ్యో, చుక్క పోకూడదన్నారు!" అని అంకమ్మ చెయ్యి పట్టేసింది. అంతే, ఆయన్ని గోనెపట్టాలో చుట్టి, మోకుతో కట్టి, అన్నదమ్ములు చెరోవైపూ భుజానికెత్తుకున్నారు. వీధంతా తిట్లు. వెనకాల పిల్లలు "పక్కకి, పక్కకి! నూనె వస్తోంది!" అని కేకలు.

పెళ్ళివారి వంటశాలలో ఆడవాళ్ళు చలిమిడి తట్టుకుని అరిటాకుల మీద పరుచుకుని ఎదురుచూస్తున్నారు. కోటిలింగం బరువు దించి, చెమట తుడుచుకుని, ఛాతీ విరుచుకుని చెప్పాడు:

"మీ నూనె ఇదిగో తల్లీ, పొద్దుగూకకముందే తెచ్చాం. కాస్త పెద్ద మూకుడు పెట్టండి."