మా అత్తింటివారు షెడ్డులో గాలి మార్చిన వైనం

ఇంతవరకూ నేనేదీ రాసి ఎరగను. చదివింది అయిదో తరగతి. నలుగురిలో నోరు విప్పాలంటే సిగ్గు, అందుకే రాస్తున్నాను.

మా అత్తింట్లో తెలివికి కరువు లేదు. కావాలంటే మా అత్తింటివారినే అడగండి, వాళ్ళే చెబుతారు. మామగారు గవర్రాజుగారు ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తారు. "మాట జవదాటే వంశం కాదమ్మాయ్ మనది" అంటారు. మా ఆయన, మరిది చిట్టబ్బాయి ఆయన పెంపకమే మరి.

మాకో చిన్న కోళ్ళ షెడ్డుంది. ఇల్లు గడిచేది దాని మీదే. మొన్న చలికాలం కోళ్ళకి చలేస్తుందని చుట్టూ పరదాలు దించి కట్టేశారు. అంతే, నాలుగు రోజులకే లోపలంతా దుమ్ము, కళ్ళు మండే ఘాటు. కోళ్ళు తుమ్మడం మొదలెట్టాయి. రెండు చచ్చాయి కూడా. మిగతావీ పోతే మా పొయ్యిలో పిల్లి లేవదని నా గుండెల్లో రాయి పడింది.

పశువుల డాక్టరమ్మ వచ్చి చూసింది. "దుమ్ముతో పాటు కంటికి కనపడని పురుగులు గాలిలో తిరుగుతున్నాయండీ. లోపలి గాలి బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రావాలి" అని బండెక్కింది.

ఇంకేముంది! మామగారు యూరియా సంచులు దులిపించారు. చేలో నిలబడి సంచి నిండా గాలి పట్టడం, మూతి కట్టడం, షెడ్డులోకి తెచ్చి విప్పడం. షెడ్డులోని పాత గాలి పట్టిన సంచులన్నీ మా పడగ్గదిలో పేర్చారు. ఎక్కడపడితే అక్కడ పారబోస్తే పాపం కదా!

"మావయ్యగారూ, పరదాలు ఎత్తితే సరిపోతుందేమోనండీ" అన్నాను తలుపు చాటు నుంచి.

"డాక్టరమ్మ పరదాల పేరు చెప్పిందా?"

"లేదండీ."

"మరి! సొంత వైద్యం చెయ్యకు."

ఆ సంచుల విదిలింపుకి కోళ్ళ కింద పరిచిన ఊకలో దుమ్మంతా లేచి తుమ్ములు రెట్టింపయ్యాయి. మా ఆయన ఫోన్ చేస్తే, "కాళ్ళు కడుక్కోకుండా లోపల ఎవరూ ఉండకూడదు" అందట డాక్టరమ్మ.

"ఎవరూ అంటే కోళ్ళు కూడానా నాన్నా?" అన్నాడు మరిది.

"ఎవరూ అంటే ఎవరూ!"

అంతే, కోళ్ళన్నిటినీ వాకిట్లోకి తోలి, ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పెట్టుకుని కాళ్ళు కడిగారు. పసుపు కూడా రాశారు. నా మడమలు పగిలి నెత్తురొచ్చినప్పుడు చెంబుడు నీళ్ళిచ్చిన దిక్కు లేదు.

చిత్రం, వాకిట్లో ఒక్క కోడీ తుమ్మలేదు.

"చూశార్రా! జబ్బు కోళ్ళది కాదు, షెడ్డుది" అని తేల్చారు మామగారు. "అవి కోళ్ళని పట్టే పురుగులు, మనుషుల్నేం చేస్తాయి? కోళ్ళు ఇంట్లో ఉంటాయి, మనం షెడ్డులో ఉందాం."

కోళ్ళు మా మంచాలెక్కాయి. మేం ఊక మీద పడుకుని తెల్లవార్లూ తుమ్మాం. "తుమ్ములు మనకొచ్చాయంటే వాటికి పోయినట్టే!" అని మామగారు తుమ్ముతూనే మురిసిపోయారు.

తెల్లారగానే లేచి, ఎవర్నీ అడక్కుండా, పరదాలన్నీ పైకి చుట్టి కట్టేశాను. గాలి చల్లగా కొట్టింది. ఘాటు పోయింది.

మామగారు కళ్ళు తెరిచి గుండె బాదుకున్నారు. "ఎంత పని చేశావమ్మాయ్! పురుగులన్నీ ఊరి మీద పడ్డాయి!"

ముగ్గురూ వీధిలోకి పరిగెత్తారు. "మేం చెప్పేదాకా ఎవరూ ఊపిరి పీల్చకండి!" అని ఒక్క కేక పెట్టి, తామూ ముక్కూ నోరూ మూసుకున్నారు.

నేను పాత ఊక ఎత్తిపోసి, కొత్త ఊక పరిచి, కోళ్ళని ఒక్కొక్కటే చంకనేసుకొచ్చి షెడ్డులో దింపాను. హాయిగా గింజలు తిన్నాయి. మావాళ్ళు మాత్రం నడివీధిలో మొహాలు కందగడ్డల్లా చేసుకుని, "ఇక పీల్చండి" అని చెప్పడానికి ముందు నోరెవరు తెరవాలో తేలక, ఒకరికొకరు సైగలు చేసుకుంటూ నిలబడ్డారు.